ఓరుగల్లు సారు... మంచు మీద రాయి!

కెనడాకో అమెరికాకో వెళ్లొచ్చిన పెద్దవాళ్లకి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే... 'నయాగరా చూసిండ్రా?' హన్మకొండలోని ఆ రిటైర్డ్ లెక్కల సారునీ అందరూ అదే అడిగారు. 'అది తర్వాత. ముందు రాయి ముచ్చట వినుండ్రి. ఇరవై కిలోల రాయిని ఐసు మీద తోసిన!' అన్నారాయన.

విన్నవాళ్లు నవ్వారు. నవ్వరా మరి! ఓరుగల్లు, ఏకశిలానగరం... పేరులోనే రాయి ఉన్న ఊరు. వేయిస్తంభాల గుడిని చూస్తూ పెరిగిన మనిషి రాయి కోసం కాల్గరీ దాకా వెళ్లాలా?

నిజానికి ఆయన వెళ్లింది కొడుకు దగ్గరికి. ఆర్నెల్లు ఉండొద్దామని. జనవరిలో ఓ పొద్దున చెత్తబుట్ట బయట పెడదామని గడప దాటారు. మెట్టు మీద మంచు గాజులా పేరుకుని ఉంది. కాలు జారి వెల్లకిలా పడ్డారు. ఎముకలకేం కాలేదు గానీ భయం పట్టుకుంది. ఇక నెలరోజులు కిటికీ పక్కనే. 'టికెట్టు ముందుకు జరుపు, నేను పోత' అని రోజూ ఒకటే పోరు.

కొడుకు వాదించలేదు. ఓ ఆదివారం కారెక్కించి తాను ఆడే కర్లింగ్ క్లబ్బుకి తీసుకెళ్లాడు. మంచంటే వణికే మనిషిని మంచు పరిచిన హాల్లోకి!

లోపల పొడవాటి మంచు పట్టీలు. ఒక్కోటి దాదాపు 45 మీటర్లు. అవతలి చివర వలయాలు. జట్టుకి నలుగురు, మనిషికి రెండు రాళ్లు. అవతలి జట్టు రాయికంటే నడిమధ్యకి దగ్గరగా ఎన్ని రాళ్లుంటే అన్ని పాయింట్లు. స్కాట్లాండ్‌లో గడ్డకట్టిన చెరువుల మీద పుట్టిన ఈ ఆటకి 1998 నుంచి ప్రతి వింటర్ ఒలింపిక్స్‌లోనూ పతకాలిస్తున్నారు. ఆ పోటీల్లో వాడే రాళ్లు ఎయిల్సా క్రెయిగ్ అనే చిన్న స్కాటిష్ దీవిలోని గ్రానైట్‌తో చేసినవి.

చూస్తుంటే సారుకి మన క్యారమ్సే గుర్తొచ్చింది. అక్కడ స్ట్రైకర్ 15 గ్రాములు, ఇక్కడ రాయి 20 కిలోలు. అక్కడ పౌడరు, ఇక్కడ నీటి చుక్కలు. మంచు మీద నీళ్లు చిలకరిస్తే సన్నటి పొక్కుల్లా గడ్డకడతాయి. రాయి వాటి మీదే జారుతుంది.

క్యారమ్స్ గుర్తొస్తే ఇంకోటీ గుర్తొచ్చింది. కొడుకు ఇంటర్‌లో ఉండగా ఎంసెట్ కోసమని బోర్డుని అటకెక్కించింది ఆయనే. పిల్లవాడు నోరెత్తలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో దాని ఊసే లేదు.

డెబ్భై దాటిన ఓ పెద్దావిడ వచ్చి సారు తలకి హెల్మెట్ పెట్టింది. బూట్లకి రబ్బరు అడుగులు తొడిగింది. మోకాళ్ల మీద వంగి జారుతూ రాయి వదలడం కుర్రాళ్ల పని. పెద్దవాళ్లు పొడవాటి కర్రతో నిలబడే తోయొచ్చట. మొదటి రాయి అవతలి గీత కూడా దాటలేదు. 'లెక్కలోకి రాదు' అని తీసేశారు. లెక్కల సారుకి అది చాలా అవమానం! రెండోదాన్ని కసిగా తోస్తే వలయాలన్నీ దాటి గోడకి కొట్టుకుంది.

వదిలేటప్పుడు పిడిని కాస్త తిప్పాలని పెద్దావిడ చెప్పింది. ఎటు తిప్పితే రాయి అటే వంగుతుంది. ఇంట్లో నున్నటి బల్లమీద గ్లాసు బోర్లించి తిప్పి వదిలి చూడండి, సరిగ్గా దానికి వ్యతిరేకంగా వెళుతుంది. ఎందుకన్నదానిమీద శాస్త్రవేత్తలింకా వాదించుకుంటూనే ఉన్నారు. సారుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే ఇదే కారణం.

మూడో రాయికి కొడుకు బ్రష్ పట్టుకుని ముందుకొచ్చాడు. రాయికి ముందు మంచుని గట్టిగా రుద్దితే కాస్త వేడెక్కి రాపిడి తగ్గుతుంది, రాయి ఇంకొంచెం దూరం పోతుంది. 'మెల్లగనే తొయ్యి నాన్నా, మిగతాది నేను చూసుకుంట' అన్నాడు. తోశారు. నడుం వంచి రొప్పుతూ, తండ్రి వదిలిన రాయి ముందు దారి ఊడ్చుకుంటూ పోయాడా నలభై ఏళ్ల కొడుకు. బయటి వలయం అంచున ఆగింది రాయి. సారు అక్కడిదాకా మంచు మీద నడిచి వెళ్లి మరీ చూసొచ్చారు. నడిచానన్న సంగతి వెనక్కి తిరిగాకగానీ ఆయనకి తట్టలేదు.

ఆట ముగిశాక ఓడినవాళ్లతో కరచాలనం, గెలిచినవాళ్ల ఖర్చుతో కాఫీ... అక్కడ అదీ మర్యాద. కాఫీ తాగుతూ కొడుకు అడిగాడు... 'మన క్యారమ్ బోర్డు ఇంకా ఉన్నదా నాన్నా?'

'ఉన్నది' అన్నారు సారు. ఇంకేం మాట్లాడలేకపోయారు.

టికెట్టు మార్చలేదు. మార్చి చివరిదాకా ప్రతి ఆదివారమూ క్లబ్బుకి వెళ్లారు. హన్మకొండ వచ్చిన మర్నాడే అటకమీది బోర్డు దింపించారు. పలక కాస్త వంగింది. ఓ మూల వల చిరిగింది. బిళ్లలు లెక్కపెడితే పద్దెనిమిదే ఉన్నాయి, రెడ్డు లేదు. ఇల్లంతా వెతికి చివరికి కాల్గరీకి ఫోన్ చేశారు.

'అది నా దగ్గరనే ఉన్నది నాన్నా' అన్నాడు కొడుకు.