బేతాళుడి చివరి ప్రశ్న

చందమామ చదివి పెరిగిన మాలాంటివాళ్ళకు విక్రమార్కుడంటే ముందుగా ఒక బొమ్మ గుర్తొస్తుంది. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ చీకటి శ్మశానం. చిత్రకారుడు శంకర్ గీసిన ఆ బొమ్మకు భయపడుతూనే మేం ముందుగా ఆ పేజీయే తెరిచేవాళ్ళం. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన చందమామ, పాత బేతాళ కథలతో ఆగకుండా కొత్తవి కల్పిస్తూ దశాబ్దాల పాటు నడిపింది. 1985లో దూరదర్శన్ వాటిని హిందీ ధారావాహికగా చూపించాక ఆ రాజూ ఆ దయ్యమూ దేశమంతటా ఇంటింటికీ చుట్టాలయ్యారు.

మూలకథ ఇంకా పాతది. 11వ శతాబ్దంలో కాశ్మీరు కవి సోమదేవుడు సంస్కృతంలో రాసిన కథాసరిత్సాగరంలో ఉంది. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. ఊరు గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానం, అంటే నేటి మహారాష్ట్రలోని పైఠన్. గోదావరి ఒడ్డు రాజు కథ కాశ్మీరులో గ్రంథమై, మద్రాసులో తెలుగు అచ్చులోకి వచ్చింది. బదిలీల మీద ఊళ్ళు తిరిగే మా ఉపాధ్యాయుల కంటే ఈ కథలే ఎక్కువ తిరిగాయి!

పిల్లలకు ఈ కథలు చెప్పేటప్పుడు మేం కత్తి గురించి ఎక్కువ చెప్పం. అక్కడ పోరంతా మాటలతోనే. రాజు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. రాజు ప్రతిసారీ జవాబే చెబుతాడు. చెప్పినందుకు మళ్ళీ చెట్టు దాకా నడుస్తాడు. ఆ నడకను చూసే మనం ‘పట్టు వదలని విక్రమార్కుడు’ అంటాం.

మా తరగతుల్లోనూ ఈ చిక్కు ఉంది. నాన్నకో అమ్మకో బదిలీ అయి, ఏడాది మధ్యలో ఒక అమ్మాయి కొత్త బడికి వస్తుంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది. తరగతిలో మాత్రం పెదవి విప్పదు. జవాబు తెలియక కాదు, తన యాస విని పక్కవాళ్ళు నవ్వుతారని. మౌనంగా ఉంటే ఎవరూ నవ్వరు, నిజమే. కానీ తెలిసిన జవాబు లోపలే ఉండిపోతే ఆ బరువు ఎలాంటిదో కొత్త ఊళ్ళకు వెళ్ళివచ్చిన మాకూ తెలుసు.

ఇక 24వ ప్రశ్న. ఒక తల్లీ కూతురూ, ఒక తండ్రీ కొడుకూ. కొడుకు తల్లిని, తండ్రి కూతురిని పెళ్ళాడారు. వాళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? ఆ వరసలు రాజుకు తేలలేదు. నిజంగానే తెలియదు కాబట్టి మాట్లాడకుండా నడిచాడు. తల పగల్లేదు. బేతాళుడు మెచ్చుకుని అసలు రహస్యం చెప్పాడు: శవాన్ని తెమ్మన్న సన్న్యాసి రాజునే బలి ఇవ్వబోతున్నాడు. రోజూ పండు తెచ్చి చేతిలో పెట్టిన మనిషి శత్రువు, చెట్టుకు వేలాడిన దయ్యం మిత్రుడు!

సాష్టాంగపడమని సన్న్యాసి అంటే ఏం చెయ్యాలో కూడా బేతాళుడే నేర్పాడు. రాజు అలాగే, “నాకు తెలియదు, మీరు ముందు చేసి చూపించండి” అన్నాడు. సన్న్యాసి వంగాడు, రాజు బతికాడు. అక్కడ అది ఎత్తు. మా తరగతిలో మాత్రం అది నిజాయితీ మాట. తెలిస్తే యాస ఏదైనా చెప్పేయడం, తెలియకపోతే చూపించమని అడగడం: కొత్త బడిలో అడుగుపెట్టిన పిల్లలకు ఈ రెండూ చాలు. ఆ మాట విని నవ్వకుండా చూసుకోవడం మా పని, పక్క బెంచీల్లో కూర్చున్న మీ పని కూడా.

ఇంతకీ ఆ రాత్రి బేతాళుడు వరం కోరుకోమంటే రాజు ఏమడిగాడో తెలుసా? ఈ 24 కథలూ, ముగింపుతో కలిపి 25, లోకమంతా చెప్పుకోవాలని అడిగాడు. చెప్పుకుంటూనే ఉన్నాం.