బీడులో మిగిలిన విత్తు

కురబలకోట స్టేషనులో తిరుపతి బండి యెక్కునప్పుడు నా మనస్సునిండ మా పొరుగింటి కుఱ్ఱవాని ప్రశ్నయే మెదలుచుండెను. వికిరణ చికిత్సతో క్యాన్సరు నయమై యింటికి వచ్చిన యా యువకుడు, పెండ్లిమాట యెత్తగానే నన్ను చాటునకు పిలిచి, “మామా, నాకు పిల్లలు పుడతారంటావా?” అని యడిగెను. ఊరక ధైర్యము చెప్పుటకు నాకు నోరు రాలేదు. అందుచేతనే పీలేరు, పాకాల మీదుగా పోయి, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలో నాకు పరిచితుడైన యొక పరిశోధకుని ఆశ్రయించితిని.

ఆయన నన్ను తిన్నగా జంతుశాలకు కొనిపోయెను. వరిపొట్టు పఱచిన పెట్టెలలో ఎఱ్ఱని కన్నుల తెల్ల చిట్టెలుకలు మసలుచుండెను. వికిరణపు దెబ్బకు శుక్రకణములు నశించినను, వాని పుట్టుకకు ఆధారమైన మూలకణములు కొన్ని వృషణములలో బ్రతికి మిగులునట.

“బ్రతికిన విత్తు మొలవదేల?” యంటిని.

“దోషము విత్తులో లేదయ్యా, మడిలో నున్నది” యని ఆయన వివరించెను. వికిరణమున దెబ్బతిన్న పెద్ద ఎలుకల మూలకణములను ఎదుగుదలకు అడ్డుపడని చిట్టెలుకల వృషణములలో నాటగా నవి చక్కగ పెరిగినవనియు, తమ నెలవున మాత్రము ఎదుగక నిలిచిపోయినవనియు 2007లో తేలినది. ఆశ్చర్యమేమనగా, సాధారణముగ శుక్రోత్పత్తికి ప్రాణాధారమైన పురుష హార్మోను టెస్టోస్టిరానే, ఆ చెడిన మడిలో మొలకను అణచివేయును; దానిని కొన్నాళ్లు ఆపిన మొలక లేచునట! వేరుశెనగ చేనికి బలము తగ్గినపుడు మా రైతులు దానిని బీడు పెట్టుటకును దీనికిని ఎంతటి పోలిక యని నేను పులకించితిని.

హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు కేంద్రమున మార్విన్ మైస్ట్రిచ్, ఆయన సహచరులు 2010లో ప్రకటించిన ఫలితమును పరిశోధకుడు కాగితముపై వ్రాసి చూపెను. 10.5 గ్రేల వికిరణము సోకిన చిట్టెలుకలకు, మెదడునుండి పీయూషగ్రంథికి పోవు ఆజ్ఞను అడ్డగించు ఎసిలిన్‌ను, మిగిలిన పురుష హార్మోను ప్రభావమును నిరోధించు ఫ్లూటమైడ్‌ను 10 వారములు ఇయ్యగా, 90 శాతము మగ ఎలుకలు సంతానవంతములైనవి. మందు లేనివానిలో 10 శాతమే.

మనుష్యులలో నిట్టి ప్రయత్నము ఫలింపలేదని కూడ ఆయన దాచక చెప్పెను. చికిత్సకు ముందే వీర్యమును ద్రవ నత్రజనిలో భద్రపఱచుకొనుటయే నేటికి నమ్మదగిన మార్గమట. మా కుఱ్ఱవానికి ఆ మాట సకాలమున చెప్పినవారు లేరైరి. అది తలచిన నా కడుపు తరుగుకొనిపోయెను.

తిరిగి వచ్చునప్పటికి వాడు ప్లాట్‌ఫారముపై నా కొఱకు నిలిచియుండెను. విన్నదంతయు దాపఱికము లేక చెప్పి, ఎలుకల లెక్క మనుష్యులకు పొసగదనియు, ముందు వీర్యపరీక్ష చేయించుకొనవలెననియు హెచ్చరించితిని.

వాడు చాలసేపు మౌనముగ నుండి, నా చేతి సంచి నందుకొని, “మందు లేకుండానే పదింట ఒకటి కోలుకుందన్నమాట కదా మామా!” అనెను.