చిన్న తాతయ్యకో గడి

డిసెంబర్ వచ్చిందంటే హాస్టల్లో మనందరి పరిస్థితీ ఒకటే. ఒక పక్క సెమ్ పరీక్షలు, ఇంకో పక్క ఖాళీ జేబు. అయినా క్రిస్మస్‌కి ఇంట్లో అందరికీ ఏదో ఒకటి ఇవ్వాలని ఉంటుంది. అలాంటివాళ్ళకి ఫ్రీ ప్రింటబుల్స్ మంచి దారి. కార్డులు, గిఫ్ట్ ట్యాగులు, పండగ పనుల ప్లానర్, పిల్లల ఆటలు, అన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసుకుని జిరాక్స్ షాపుకి వెళ్ళడమే.

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన, తనకొచ్చే ఉత్తరాలన్నిటికీ జవాబు రాయలేక, హార్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. ఎవరికి, ఎవరి నుంచి అన్నచోట ఖాళీ వదిలాడు. మొదటి క్రిస్మస్ కార్డు అదేనంటారు. అదే ఏడు మన బందరులో రాబర్ట్ నోబుల్ బడి పెట్టాడు. ఇవాళ్టి నోబుల్ కాలేజీకి మూలం అదే.

పోయినేడు మా ఇంటి ప్లానింగ్ నేనే నెత్తినేసుకున్నా. మాది గుడివాడ. పండక్కి నాగాయలంక దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తాం. ప్లానర్‌లో అచ్చయి ఉన్న మంచుబొమ్మలూ కుకీలూ కొట్టేసి, గోడలకి సున్నం, నక్షత్రం కట్టడం, అరిసెల పిండి, క్యారల్స్ రౌండ్లు అని రాశా. మామయ్య చూసి, "మరి కోతలెవరు రాస్తారే?" అన్నాడు. నిజమే, దివిసీమలో డిసెంబరంటే వరి కోతలు. కోతకి ముందే చేలో మినుములు చల్లాలి. ఆ రెండూ రాశాకే మిగతా పనులకి తేదీలు కుదిరాయి. బింగో కార్డుల్లో కూడా రెయిన్‌డీర్లు తీసేసి బందరు లడ్డూ, పెడన కలంకారీ, పులిగడ్డ అక్విడక్ట్, హంసలదీవి పెట్టాం. పిల్లలు అర్ధరాత్రి దాకా ఆడారు.

అసలు గిఫ్ట్ మాత్రం అమ్మమ్మకి. ఫ్యామిలీ ట్రీ ప్రింట్ ఒకటి దించా. డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది, అది బైనరీ ట్రీ. ప్రతి మనిషికీ పైన రెండే గళ్ళు, అమ్మ, నాన్న. తోబుట్టువులకి చోటే లేదు. ముత్తాతల పేర్ల కోసం ఫోన్ చేస్తే అన్నీ చెప్పి, చివర్లో అమ్మమ్మ అడిగింది:

"మా తమ్ముడిని ఎక్కడ రాశావమ్మా?"

అమ్మమ్మ పుట్టిల్లు కోడూరు వైపు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. వాళ్ళలో ఆ పిల్లాడొకడు. తొమ్మిదేళ్ళు. ఇల్లే కొట్టుకుపోయింది కాబట్టి ఫొటో కూడా లేదు. ఒక తమ్ముడు ఉండేవాడని విన్నాం గానీ, పేరు నేను వినడం అదే మొదటిసారి. మా ఇంట్లో ఏ కాగితం మీదా ఆ పేరు లేదు.

ఆ ప్రింట్ పక్కన పడేసి, లిబ్రేఆఫీస్‌లో నేనే కొత్తగా గీశా. తోబుట్టువులందరికీ గళ్ళు, ప్రతి గడి కింద వరస. అంకుల్ అని ఒక్క మాట రాస్తే పెదనాన్నో బాబాయో మామయ్యో మనకి తెలియదు కదా. కానీ తొమ్మిదేళ్ళ పిల్లాడి కింద ఏ వరస రాయాలి? మళ్ళీ ఫోన్ చేశా.

"చిన్న తాతయ్య అని రాయి. నీకు వరసకి అంతే కదా."

"ఫొటో చోట ఏం పెట్టను?"

"ఖాళీగా ఉంచు. గడి మాత్రం తీసెయ్యకు." కాసేపాగి, "నీళ్ళు తగిలినా పోకుండా చేయించమ్మా" అంది.

ఏ3 సైజులో ప్రింట్ తీసి లామినేషన్ చేయించా.

ఈసారి చేద్దామనుకునేవాళ్ళకి రెండు మాటలు. బయటి దేశాల డిజైన్లు చాలావరకు లెటర్ సైజులో ఉంటాయి, ప్రింట్ ఇచ్చేటప్పుడు ఏ4కి సరిపెట్టమనండి. కార్డులకి మామూలు 75 జీఎస్ఎం కాగితం ఆగదు, 200 పైన అడగండి. తెలుగులో టైప్ చేస్తే పీడీఎఫ్ చేసే తీసుకెళ్ళండి, లేకపోతే షాపు కంప్యూటర్లో ఒత్తులన్నీ చెదిరిపోతాయి. పేర్లు ముందే, పెద్దవాళ్ళు ఉండగానే అడగండి.

ఇప్పుడు మా పెద్దమ్మ వాళ్ళింటికీ ఒకటి కావాలట. ఉప్పెనలో పోయిన ఇంకో ముగ్గురి పేర్లు అమ్మమ్మ గుర్తు చేసుకుని చెప్పింది. గళ్ళు గీస్తున్నా.