ఊరంతటికీ ఒకే కోటు

మీ ఇంట్లో అటక మీదో, మంచం కిందో ఒక పాత ట్రంకుపెట్టె ఉండే ఉంటుంది. అందులో పిల్లల టీసీలు, కాలం చెల్లిన రేషన్ కార్డు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ, అన్నిటికీ అడుగున రబ్బరుబ్యాండు చుట్టిన పాలిథిన్ కవరు. ఆ కవరు సంగతే ఇవాళ మాట్లాడుకుందాం. చాయ్ పెట్టుకుని రండి, తొందరేం లేదు.

మొన్న చలికాలంలో ఇల్లందు వెళ్ళాను. మా పెదనాయిన బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. బాయి అంటే నీళ్ళ బావి అనుకునేరు, బొగ్గు ప్రాంతంలో బాయి అంటే గని. దిగిపోవడమంటే రిటైరవడం. ఇల్లందును కూడా పాతవాళ్ళు బొగ్గుట్ట అనే అంటారు. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో బొగ్గుపొయ్యి రాజేసుకుని కూర్చున్నాం. మాటల్లో ఏదో గుర్తొచ్చి ఆయన లోపలికెళ్ళి ఆ కవరు పట్టుకొచ్చాడు.

మొదటి ఫొటోలో బాయి ముందు ఇరవై ముగ్గురు నిలబడి ఉన్నారు. నెత్తిన టోపీలు, నడుముకు బెల్టులు, మధ్యలో దండ వేసుకున్న మనిషి. ఆ వేళ దిగిపోతున్నది ఆయనేనట.

"ఈయనెవరు పెదనాయినా?"

"మా సర్దారు."

"పక్కనాయన?"

"పేరు నాలిక మీదనే ఉన్నది, వస్తలేదు."

ఫొటో తిప్పి చూశాను. స్టూడియో ముద్ర తప్ప వెనక ఇంకేమీ లేదు. అంతలో గిన్నెలు సర్దుతున్న పెద్దమ్మ గడప దగ్గరికొచ్చి ఓ చూపు చూసి, "గాయన మన వెనక లైన్ల నాలుగో క్వార్టర్ల ఉంటుండె గదా! పెద్దబిడ్డ లగ్గానికి నాకు చీర పెట్టిండు" అంటూ పేరు చెప్పేసింది. ఆయనకు మనుషులు షిఫ్టుల లెక్కన గుర్తు. ఆమెకు క్వార్టర్ల లెక్కన గుర్తు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెడితే తప్ప ఆ ఫొటో పూర్తిగా నోరు విప్పదని నాకప్పుడు తెలిసింది.

అలాగని ఊరి చరిత్ర ఎక్కడా లేదని కాదు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఆ కంపెనీ సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు దొరికింది బొగ్గుట్టలో, పేరొచ్చింది పక్కనున్న సింగరేణి ఊరికి! ఇవన్నీ కాగితాల మీద భద్రంగా ఉన్నాయి. అయితే ఆ కాగితాల్లో డాక్టరు పేరుంది, కంపెనీ పేరుంది, తారీఖులున్నాయి. తట్టా చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపిన మనిషి మాత్రం మస్టరులో ఒక నంబరు. ప్రారంభోత్సవాల ఫొటోల్లో కూడా అంతే. మధ్యలో రిబ్బను కత్తిరించే పెద్దమనిషి, వెనక కొత్త మిషను, ఓ మూల సగం తెగిపోయి ఎవరిదో భుజం.

ఆ భుజం తాలూకు మొహం కావాలంటే స్టూడియో ఫొటోలు చూడాలి. కవరులో రెండోది అలాంటిదే. పెదనాయినకు అప్పుడు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. వెనక తెర మీద చెరువు, హంసలు, కొబ్బరిచెట్లు. రోజంతా భూమి కింద నల్లబడి పైకొచ్చే మనిషి, మొహానికి ఇంత పౌడరు మెత్తుకుని హంసల ముందు నిలబడ్డాడు. ఒంటి మీద కోటు! "కోటెక్కడిది పెదనాయినా?" అంటే నవ్వాడు. "స్టూడియోదే. ఊరందరికీ అదే కోటు." మర్నాడు పక్కింటి వాళ్ళ కవరు విప్పించి చూశాను. నిజమే. ఆ ఇంటాయన పెళ్ళిచూపుల ఫొటోలోనూ అదే కోటు, పైనుంచి రెండో గుండీ ఊడిపోయి ఉంది. మా పెదనాయిన ఫొటోలో ఆ గుండీ ఉంది. అంటే ముందు దిగింది మా పెదనాయినే! ఫొటోల మీద తేదీలు లేకపోయినా ఇలాంటి గుర్తులతో వరస కట్టొచ్చన్నమాట. విడిగా చూస్తే అది ఒక ఇంటి ఫొటో. పది ఇళ్ళ కవర్లు ఒకచోట పరిస్తే ఊరు కనిపిస్తుంది.

బొగ్గు ఊళ్ళకు ఇలా ఫొటోలు కూర్చిపెట్టే పని మరీ అవసరం. వేరే ఊళ్ళలో మనుషులు పోయినా గుడి, చెరువు, రచ్చబండ మిగులుతాయి. భూగర్భ గని మూతపడ్డా పైన నేల ఉంటుంది. పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్టు గని వచ్చిందంటే గుట్ట, పొలం, పక్కనున్న పల్లె అన్నీ పోతాయి, వాటి చోట మట్టిదిబ్బ లేస్తుంది. సింగరేణిలో ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గరకొచ్చారు. ఖాళీ అయిన క్వార్టర్లు ఎన్నాళ్ళుంటాయి? పెద్దమ్మ చెప్పిన నాలుగో క్వార్టరు చూద్దామని వెళితే అక్కడ తుమ్మచెట్లు మొలిచి ఉన్నాయి.

ఆ కోటు స్టూడియో కూడా ఇప్పుడు లేదు. నెగెటివులు ఏమయ్యాయని వాకబు చేస్తే, వెండి తీసేవాళ్ళెవరో వచ్చి తూకం లెక్కన కొనుక్కుపోయారని చెప్పారు. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉండే మాట నిజమే. ఊరి మొహాలన్నీ కలిపి ఎన్ని తులాలు తూగాయో!

పెద్దవాళ్ళ ఫొటోలకు ఆ గతి పట్టలేదు. నిజాం దర్బారు ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొని దాచింది. మామూలు మనుషుల ఫొటోలకూ పుణ్యం కట్టుకున్నవాళ్ళు లేకపోలేదు. పుదుచ్చేరి ఫ్రెంచ్ సంస్థవాళ్ళు తమిళనాట పాత స్టూడియోలు తిరిగి, వందేళ్ళనాటి కుటుంబాల ఫొటోలను డిజిటల్ చేశారు. మన బొగ్గుబాయి ఊళ్ళలో అంత పని ఎవరు మొదలుపెడతారోనని ఎదురుచూడనక్కర్లేదు. ఇంట్లో మనం చేసేది మనం చేసుకోవచ్చు.

చేసేది పెద్ద కష్టమేం కాదు. జిగురు కాగితాల ఆల్బంలో ఫొటోలుంటే మెల్లగా బయటికి తీయండి, ఆ జిగురు నెమ్మదిగా ఫొటోను తినేస్తుంది. భద్రమని లామినేషన్ చేయించకండి, ఒకసారి అతికితే మళ్ళీ రాదు. రంగు ఫొటోలను ముందు స్కాన్ చేయించండి. నలుపు తెలుపువి ఓర్చుకుంటాయి గానీ, డెబ్బైల్లో, ఎనభైల్లో తీసిన రంగు ఫొటోలు ఇప్పటికే ఎర్రబారుతున్నాయి. స్కాన్ 600 డీపీఐకి తగ్గకుండా చేయించండి. వాట్సాప్‌లో పంపితే చిక్కిపోతుంది, అసలు ఫైలు విడిగా దాచండి. ఎవరింటికైనా వెళితే ఫొటో అడిగి పట్టుకురాకండి, అక్కడే స్కాన్ చేసి వాళ్ళది వాళ్ళకిచ్చేయండి. "మళ్ళీ ఇస్తా" అని తెచ్చిన ఫొటో తిరిగెళ్ళిన దాఖలాలు తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, ఫొటో వెనక మెత్తటి పెన్సిలుతో పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, ముందుకు గాట్లు తేలుతాయి. స్కానర్ రేపైనా దొరుకుతుంది. పేర్లు చెప్పే పెద్దమ్మలు ఎల్లకాలం ఉండరు.

ఆ రాత్రి పొయ్యి చల్లారేలోపు ఇరవై ముగ్గురిలో పదిహేడు మంది పేర్లు రాశాను. ఇంకా ఆరుగురు మిగిలారు. మీ పెట్టె అడుగున కూడా హంసల తెర ముందు కోటు వేసుకున్న కుర్రాడెవరైనా ఉంటే, పైనుంచి రెండో గుండీ ఉందో లేదో చూసి నాకు కబురు పెట్టండి.