కోబే నగరంలో మా దాహం

కొండకూ సముద్రానికీ నడుమ ఇరుకైన నేల మీద సాగిన పట్టణం కోబే. ఉత్తరాన రొక్కో కొండలు, దక్షిణాన ఓడరేవు. ఆ కొండ వాలు మొదట్లో, జపాను దేశంలో నేడున్న మసీదులన్నిటిలోకీ పాతదైన మసీదు ఉంది. అదే పట్టణపు తూర్పు తీరాన, నాడా అనే చోట, ఆ దేశంలోకెల్లా పేరుమోసిన సాకే తయారీశాలలు బారులు తీరి ఉన్నాయి. సాకే అంటే బియ్యంతో చేసే మద్యం. ఈ రెంటికీ మధ్య ఒక చిన్న అపార్ట్‌మెంటులో మా పెద్దబ్బాయి మూడేళ్ళుగా నివసిస్తున్నాడు.

వాడు ఫోనులో చెప్పే కబుర్లలో ఒక మాట మమ్మల్ని కలతపెట్టేది. "ఆఫీసువాళ్ళ విందులకు పోవడం మానేశాను అబ్బా" అన్నాడొకసారి. మంచిదేగా అన్నాము మేము. కానీ ఆ తరువాత వాడి మాటల్లో తోటివారి పేర్లు ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చాయి. వాడు అక్కడ ఎవరితో కూర్చొని అన్నం తింటున్నాడో మాకు తెలియకుండా పోయింది. వాడి తల్లికి నిద్ర కరవైంది. చివరకు కర్నూలు నుండి బయలుదేరి, ఇద్దరమూ వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాము.

చేరిన మరునాడు శుక్రవారం. సన్నొమియా స్టేషను నుండి కొండవైపు నడిస్తే పావుగంటలోపే మసీదు కనిపిస్తుంది. కోబే రేవు 1868లో విదేశీ వర్తకానికి తెరుచుకున్నది. ఆపైన వచ్చి స్థిరపడిన ముస్లిం వర్తకులు, వారిలో మన హిందూస్థానీలు కూడా, చందాలు పోగుచేసి 1935లో ఈ కట్టడాన్ని నిలబెట్టారు. 1945లో బాంబులు పడి నగరంలో చాలా భాగం తగలబడినప్పుడు ఇది నిలిచింది. 1995 జనవరి 17న భూకంపం వచ్చి ఆరువేలమందికి పైగా మరణించినప్పుడూ నిలిచింది. నమాజు తరువాత మెట్ల మీద కూర్చుంటే ఇండోనేషియా వారు, పాకిస్తానీలు, ఈజిప్టు వారు, ఇద్దరు ముగ్గురు జపనీయులు కలిసి సలాములు చెప్పుకుంటూ సాగిపోయారు. చుట్టుపక్కల హలాల్ మాంసపు దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి. "పగలు నేను లేనప్పుడు ఇక్కడే తినండి" అని మావాడు హెచ్చరించాడు. జేబులో ఒక చీటీ కూడా పెట్టాడు. పంది మాంసం వద్దు, మద్యం కలిసినది వద్దు అని దాని మీద జపనీస్ లిపిలో వ్రాసి ఉంది.

మేము ఆ హెచ్చరికను పాటించలేదు. స్టేషను దగ్గర ఒక చిన్న అంగడిలో సోబా అమ్ముతారు. ముదురు రంగు సేమ్యా వంటి పదార్థం అది. దాన్ని చల్లగా ఒక వెదురు పళ్ళెంలో పెట్టి, పక్కన గిన్నెడు నల్లని పులుసు ఇస్తారు. మాంసం లేదు, ముట్టరాని వస్తువేదీ లేదు అనుకొని మూడు రోజులు వరుసగా, చీటీ తీయకుండానే, ముంచుకొని తిన్నాము. నాలుగోనాడు కోడిమాంసం వేసిన గిన్నె ఒకటి చూసి మనసుపడి, అది అడిగే ముందు చీటీ చూపించాము. అంగడి ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కోడిమాంసం ఇవ్వలేదు సరికదా, మా ముందు అప్పటికే పెట్టిన పులుసు గిన్నెను కూడా వెనక్కి తీసుకొని, నడుము వంచి నమస్కరించి, తల అడ్డంగా ఊపింది. మమ్మల్ని పొమ్మంటున్నదని నొచ్చుకున్నాము. ఆమె లోపలికి పోయి ఒక సీసా తెచ్చి, దాని చీటీ మీద ఒక అంకెను వేలితో చూపింది. 14 శాతం.

అది మిరిన్. ఉడికిన బియ్యానికి, బూజు పట్టించిన బియ్యానికి ఘాటైన సారాను చేర్చి మాగబెడితే తయారయ్యే తీయని ద్రవం. మన ఇళ్ళలో చింతపండు పులుసులో బెల్లంముక్క వేయనిదే చేయి ఆగనట్లు, వారికి మిరిన్ చుక్క పడనిదే పులుసు పులుసు కాదు. తెరియాకి అనే నిగనిగలాడే పూత, అన్నం మీద కోడిగుడ్డు కోడిమాంసం పరిచే గిన్నె, ఈ సోబా పులుసు, చివరకు కొన్నిచోట్ల సుషీ అన్నం కూడా దానితోనే నడుస్తాయి. నారా పట్టణం పేరు మీద చెలామణి అయ్యే దోసకాయ ఊరగాయనైతే సాకే పిండిన పిప్పిలోనే నెలల తరబడి ఊరవేస్తారు. ఇంతకూ అంగడి ఆమె చేసింది అవమానం కాదు, ఉపకారం. ఆ సాయంత్రం మావాడికి చెప్పగా తల దించుకొని, "మొదటి ఆరు నెలలు నేనూ తిన్నాను అబ్బా, తెలియక" అన్నాడు. ఆ మాటను ఇన్నాళ్ళూ మాకు చెప్పలేకపోయాడట. తెలియక జరిగినదానికి అల్లాహ్ క్షమాశీలి అని వాడి తల్లి అన్నది. మేమూ తిన్నవాళ్ళమే కనుక ఆ మాట ముగ్గురికీ పనికివచ్చింది.

సోయా సాస్‌లో పులియడం వల్ల తనంతట తానే పుట్టే కొద్దిపాటి ఆల్కహాలు గురించి, వంటలో ఆవిరైపోయేదాని గురించి ఉలమాల మధ్య వేర్వేరు అభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ మా స్థాయికి మించినది. మేము చేయగలిగింది వంటింట్లో చేశాము. హలాల్ గుర్తు ఉన్న సోయా సాస్ మసీదు దగ్గరి దుకాణంలో దొరికింది. ఎండు చేప తురుము, సముద్రపు నాచు కలిపి కాచిన నీటిలో దాన్ని వేసి, మిరిన్ బదులు రెండు చెంచాల పంచదార కరిగించింది వాడి అమ్మీ. నిగారింపు కొంచెం తగ్గిందేమో గాని, రుచికి లోటు లేదు.

అసలు సంగతి రెండో వారంలో జరిగింది. మావాడి సెక్షన్‌కు పెద్ద అయిన ఒకాయన, అరవైకి దగ్గరపడ్డవాడు, తల్లిదండ్రులు వచ్చారని తెలిసి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. ముందురోజే భోజనశాలకు ఫోను చేసి, మిరిన్ గాని సాకే గాని తగలకుండా చేపలు ఉప్పు రాసి కాల్చమని చెప్పి ఉంచాడట. చాపల మీద కూర్చున్నాము. పానీయాలు వచ్చాయి. ఆయన ముందు పొడుగాటి గ్లాసులో మంచుముక్కల మధ్య గోధుమ రంగు ద్రవం పెట్టారు. మా ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి. ఇంత మర్యాద చేసినవాడు మా ఎదుటనే పుచ్చుకుంటాడా అనుకుంటూ ఉండగా, సరిగ్గా అటువంటివే మరో మూడు గ్లాసులు మా ముందుకూ వచ్చాయి. మావాడు నవ్వు ఆపుకోలేక, "తేనీరు అమ్మీ, ఊలాంగ్ తేనీరు" అన్నాడు.

ఆ పెద్దాయన కూడా నవ్వి, తాను గెకో అని చెప్పుకున్నాడు. మద్యం పడనివాడికి జపాను భాషలో ఉన్న పేరు అది. అక్షరాలా చూస్తే కింది ఇల్లు అని. బాగా తాగగలవాడు జోగో, అంటే పై ఇల్లు. తాగలేనివాడికి ఒక పేరు ఉండడమే మాకు వింతగా తోచింది. అయితే ఆ దేశంలో అటువంటివారు అరుదు కాదు. ఒంట్లో చేరిన ఆల్కహాలు మొదట అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచి హానిలేనిదిగా మార్చే ఎంజైము ఒకటి కాలేయంలో ఉంటుంది. జపనీయులలో సుమారు 40 శాతం మందికి ఆ ఎంజైము పుట్టుకతోనే బలహీనం, కొందరికి దాదాపు శూన్యం. చైనా, కొరియా వారిలోనూ ఇది విరివిగా కనిపిస్తుంది. మన ప్రాంతాల్లో అరుదు. ఆ విషం ఒంట్లో నిలిచిపోతే ముఖం ఎరుపెక్కుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది.

పెద్దాయన చెబుతుంటే మావాడు తెలుగు చేస్తూ వచ్చాడు. ఉద్యోగంలో చేరిన ఏడు మొదటి విందులోనే పై అధికారి బీరు పోశాడు. కాదనడం అక్కడ మర్యాద కాదు. సగం గ్లాసుకే ముఖం ఎండుమిరపకాయ అయింది. ఇంటికి పోతూ స్టేషనులో వాంతి చేసుకున్నాడు. "అలవాటు చేసుకో, తట్టుకుంటావు" అన్నారందరూ. ఆయన అలవాటు చేసుకున్నాడు. నాలుగైదేళ్ళకు ఎరుపు తగ్గింది. అందరితోపాటు తాగగలుగుతున్నానని గర్వపడ్డాడు కూడా. ఇరవై ఏళ్ళు గడిచాక ఆరోగ్య పరీక్షలో వైద్యుడు రెండు ప్రశ్నలు వేశాడు. ఒక్క గ్లాసు బీరుకే నీ ముఖం ఎరుపెక్కుతుందా? ఇప్పుడు కాకపోతే, తాగడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఎరుపెక్కేదా? రెండోదానికి ఔనన్నాడు. వెంటనే గొట్టం వేసి చూశారు. అన్నవాహికలో చిన్న మచ్చ ఉన్నది. తొలి దశ కనుక కోసి తీసివేయగలిగారు. ఆనాటి నుండి ఏటేటా పరీక్ష చేయించుకుంటూ ఉన్నాడు.

ఇందులోని కిటుకు మాకు తరువాత అర్థమైంది. ఎంజైము బొత్తిగా లేనివాడు రెండు గుక్కలకే పడిపోతాడు కాబట్టి తాగుడు జోలికే పోడు. సగం ఉన్నవాడే ప్రమాదంలో ఉన్నాడు. వాడు ఒంటి మాట వినక పట్టుపట్టి సాధన చేస్తాడు. ఎరుపు తగ్గవచ్చు గాని ఎంజైము పెరగదు. తాగిన ప్రతిసారీ ఆ విషం గొంతు వెంట తన పని తాను చేస్తూనే ఉంటుంది. అటువంటివారు తాగుతూ పోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు ఎన్నోరెట్లు పెరుగుతుందని వైద్యులు తేల్చారు. ముఖం ఎరుపెక్కనివాడికి మద్యం మంచిదని దీని అర్థం కాదని వేరే చెప్పనక్కర లేదనుకుంటాము.

భోజనం అయ్యాక ఆయన మావాడివైపు తిరిగి ఏదో నెమ్మదిగా అన్నాడు. మావాడు వెంటనే తెలుగు చేయలేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు. "నీవు చేరిన ఏడాది మొదటి విందులో, నా ధర్మం ఒప్పదు, నేను తాగను అని అందరిముందూ నిటారుగా కూర్చొని చెప్పావు. నేను ఇరవై ఏళ్ళు చెప్పలేకపోయిన మాట అది. ఆ రోజు నీ పక్కన కూర్చొని నేను తేనీరు తెప్పించుకున్నాను, ఎవ్వరూ ఒత్తిడి చేయలేదు. తరువాత నీవు రావడం మానేశావు. మళ్ళీ నేను ఒక్కడినే అయ్యాను." ఇదీ ఆయన అన్న మాట. మావాడు విందులు మానుకున్నది తన దీన్ కాపాడుకోవడానికి. సీసాలు పరిచిన బల్ల దగ్గర కూర్చోకూడదన్న భయభక్తులు వాడివి, వాటిని మేము తప్పుపట్టలేము. కానీ వాడి ఖాళీ చోటు మరొకరికి బరువైందని మాలో ఎవరికీ తోచలేదు.

మిగిలిన రోజులు తిరుగుళ్ళతో గడిచాయి. తాగడానికి అక్కడ కొదువేమీ లేదు. వేసవిలో ప్రతి ఇంటా వేయించిన బార్లీ గింజలు కాచి చల్లార్చిన ముగిచా ఉంటుంది. మనకు జ్వరమొస్తే ఇచ్చే బార్లీ నీళ్ళే గాని, వేయించడం వల్ల కమ్మని వాసన వేస్తుంది. అమజాకే అనే పరమాన్నం వంటి తీయని పానీయం ఉంది. అయితే అందులో రెండు జాతులు. బూజు పట్టించిన బియ్యంతో చేసినదానిలో మత్తు ఉండదు. సాకే పిప్పితో చేసినదానిలో కొంత ఉంటుంది. పేరొకటే, సీసా మీది చీటీ చదివి తీరాలి. పొద్దు పొడవకముందు నీరాగా ఉన్నదే ఎండెక్కేసరికి కల్లు అయిపోవడం ఎరిగిన మనకు ఇది అర్థం కాని సంగతి కాదు. ఆల్కహాలు లేని బీరు కూడా చాలా ఉంది. అక్కడి చట్టం ఒక శాతం లోపు ఉన్నదాన్ని మద్యంగా లెక్కించదు గనుక, లేదు అన్నంత మాత్రాన పూర్తిగా లేదని కాదు. 2009లో కిరిన్ కంపెనీ 0.00 శాతం అని వేసి ఒకటి తెచ్చాక, తక్కినవారూ ఆ సున్నాలు వేయడం మొదలుపెట్టారు. మేము మాత్రం దాన్ని రుచి చూడలేదు. ఆ రుచి మీద మాకు కోరిక లేనప్పుడు దాని నకలు మాకెందుకు?

మమ్మల్ని నిజంగా మురిపించింది రేవు దగ్గర కొన్న రాముణే. మెడ నొక్కిన గాజు సీసా, నోట్లో గోళీ. బొటనవేలితో నొక్కితే టప్పుమని లోపలికి దిగింది. మా గోళీసోడాయే! లెమనేడ్ అన్న మాట జపనీయుల నోట రాముణే అయిందట. 1884లో ఈ కోబేలోనే సిమ్ అనే స్కాట్లాండు మందుల వర్తకుడు దాన్ని మొదలుపెట్టాడు. ఇంగ్లండులో కాడ్ అనే ఆయన కనిపెట్టిన ఆ సీసాయే ఇటు కర్నూలు బస్టాండుకూ, అటు కోబే రేవుకూ చేరింది. సముద్రానికి ఎదురుగా ముగ్గురమూ బల్ల మీద కూర్చొని రెండేసి తాగాము. మావాడు ఆనాడు చాలా మాట్లాడాడు.

తిరిగి వచ్చాక నెల గడిచింది. మొన్న ఆదివారం వాడి తల్లి బార్లీ గింజలు మూకుడులో వేయిస్తుండగా ఫోను మోగింది. శుక్రవారం రాత్రి ఆఫీసు విందు జరిగిందనీ, తమ చివరి బల్ల మీద సీసా ఏదీ లేకుండా పెద్దాయనే చూసుకున్నాడనీ చెప్పాడు. ఈసారి ఊలాంగ్ గ్లాసులు మూడు తెప్పించుకున్నారట. మూడోది కొత్తగా చేరిన ఒక కుర్రవాడిదట.