పొయ్యి పొగయు, కీళ్ల నొప్పియు

2014 సంక్రాంతికి తెచ్చిన గాజులు మా యత్తగారి చేతుల కెక్కలేదు. వ్రేళ్ల కీళ్లు వాచి యుండెను. "వాతమమ్మా, అదే పోవును" అని యామె మరల కట్టెలపొయ్యి యొద్దకు పోయిరి. నేనును నమ్మితిని. అట్లు ఆఱు మాసములు గడచెను.

తుదకు వైద్యురాలు రుమటాయిడ్ కీళ్లవ్యాధి యని చెప్పి, "ఇంటిలో పొగ యున్నదా?" యని యడిగిరి. పొగకు కీళ్లతో నేమి పని యని నేను విస్తుపోతిని. అంత నామె యిట్లు తెలిపిరి: సిగరెట్టుపొగ యీ వ్యాధికి దోహదమగుట నిశ్చయము. పొగ ఊపిరితిత్తులలోని మాంసకృత్తులను మార్చును. కొందఱిలో శరీరరక్షణశక్తి వానిని పరాయివని యెంచి, పిదప సొంత కీళ్లపైననే తిరుగబడును. మిల్లీమీటరులో 400వ వంతుకంటె సన్నని కణములు వంటపొగలోను, వీధిగాలిలోను గూడ నున్నవి. వాని దోషము కొన్ని పరిశోధనలలో కానవచ్చినను, ఇంకను పూర్తిగా తేలలేదు. ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకే రెండు మూడు రెట్లు అధికము.

మా యత్తగారి వ్యాధికి పొయ్యియే కారణమని నేను చెప్పజాలను. మందులతో వాపు తగ్గినది, గాజు లెక్కినవి, వంకరపోయిన చిటికెనవ్రేలు మాత్రము చక్కబడలేదు. అది నా యాఱు మాసముల యుపేక్షకు గుర్తు.

సోదరీమణులారా! వంటింటి పొగ వెలికి పోవు త్రోవ చూడుడు. ఉదయమున కీళ్లు బిగిసి, వాపు వారములు గడచినను తగ్గనిచో, వాతమని యూరకుండకుడు.