సైగాన్ వంట, ఒర్లియంపేట కోడళ్లు

పుదుచ్చేరికి వచ్చే పర్యాటకుడికి ఆ ఊరు సముద్రం దగ్గర మొదలై పెద్ద కాలువ దగ్గర ముగుస్తుంది. పసుపు గోడలు, కాగితం పూల తీగలు, ఫ్రెంచి పేర్లున్న వీధులు, బేకరీ ముందు ఫొటో. కాస్త ఓపికున్నవారు కాలువ దాటి తమిళ వీధుల్లోని పాత ఇళ్ల అరుగులు కూడా చూసి వెళతారు. వాటి చుట్టూ ఉన్న బులవార్లు దాటి పడమటికి వెళితే ఊరి జనం నిజంగా బతికే పేటలు వస్తాయి. ఒర్లియంపేట వాటిలో ఒకటి. పేరు వింటే ఫ్రాన్సులోని ఓర్లియాన్ నగరం గుర్తుకొస్తుంది. వీధిలో అడుగుపెడితే కనిపించేవి మాత్రం మెకానిక్ షెడ్లు, టీ కొట్లు, ఒకదానికొకటి ఆనుకున్న ఇరుకు ఇళ్లు. పక్కనే బస్టాండు రొద. ఫ్రాన్సును వెతుక్కుంటూ ఇటువైపు ఎవరూ రారు. నేను మాత్రం వియత్నాం భోజనం కోసం వస్తుంటాను.

దాన్ని రెస్టారెంటు అనడం కొంచెం ఎక్కువే. ఒక ఇంటి ముందుగదిలో నాలుగు బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, గోడమీద మేరీమాత పటం, పక్కన దండ వేసిన రెండు పాత ఫొటోలు. శని, ఆదివారాలు మాత్రమే వంట. ముందురోజు ఫోన్ చేసి చెప్పాలి. మెనూ కార్డు లేదు. ఆ రోజు ఏది వండితే అది తినడమే. వంట అత్తాకోడళ్లది, వడ్డన కొడుకుది. వారమంతా హోటళ్లలో ఎలక్ట్రీషియన్ పని చేసే ఆయన ఆదివారం భుజాన తువ్వాలు వేసుకుని మంచినీళ్లు పోస్తాడు. అత్తగారిని అందరిలాగే నేనూ పాట్టి అంటాను. ఆమెకు నేను తంబిని. నా తమిళం విని ఆమె నవ్వుతుంది. ఆమె మాటల్లో దొర్లే ఫ్రెంచి విని నేను నవ్వుతాను.

మొదట వచ్చేది నెమ్. పలుచని బియ్యప్పిండి రేకును నీళ్లలో తడిపి, అందులో కైమా, రొయ్యలు, గాజు తీగల్లాంటి సన్న సేమియా, చెవి ఆకారంలో ఉండే నల్ల పుట్టగొడుగు ముక్కలు కూరి, చూపుడువేలంత చుట్టలు చుట్టి నూనెలో వేయిస్తారు. దాన్ని అలాగే తినేస్తే పాట్టి ఊరుకోదు. లెట్యూస్ ఆకులో పెట్టి, రెండు పుదీనా ఆకులు వేసి, మళ్లీ చుట్టి, గిన్నెలోని పులుపు నీళ్లలో ముంచి తినాలి. పైన కరకర, లోపల మెత్తన, చుట్టూ ఆకు చల్లదనం, చివర్లో నిమ్మరసం, పచ్చిమిరప, వెల్లుల్లి ఘాటు. ఆ తర్వాత ఫో. ఎముకలను గంటల తరబడి సన్నటి సెగమీద మరిగించిన పులుసు, అందులో బియ్యప్పిండి సేమియా. పెద్దమాంసం తినేదీ తిననిదీ ముందే అడిగి, తినని వారికి కోడితో వండుతారు. గిన్నె మూత తీయగానే నాకు మా ఇంటి బిర్యానీ గుర్తొచ్చింది. కారణం అనాసపువ్వు, దాల్చినచెక్క. మనం అన్నంలో వేసే దినుసులను వాళ్లు పులుసులో మరిగిస్తారు.

నాది యానాం పక్క పల్లె. బియ్యప్పిండి రేకు చూస్తే ఆత్రేయపురం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? బోర్లించిన కుండను కాల్చి, పలుచటి పిండిలో ముంచిన గుడ్డను దానిమీద ఒక్కసారి లాగి తీసిన రేకుతో మనవాళ్లు పూతరేకు చుట్టారు. వియత్నాంలో మరిగే నీళ్ల పాత్రకు గుడ్డ బిగించి, దానిమీద పిండి పోసి, ఆవిరితో ఉడికిన రేకును వెదురు తడికలమీద ఎండబెట్టారు. ఇక్కడ నెయ్యి, బెల్లం. అక్కడ రొయ్యలు, మాంసం. వరి పండే రెండు డెల్టాలు ఒకదాన్నొకటి చూడకుండానే ఒకే ఆలోచన చేశాయి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఒర్లియంపేట నెమ్‌కు మాత్రం ఏ భూగోళం ప్రకారం గుర్తింపు ఇవ్వాలో ఎవరు చెప్పగలరు?

ఇక్కడికి కొత్తగా వచ్చినవారు పాట్టి ముఖంలో వియత్నాం పోలికలు వెతుకుతారు. వారికి నిరాశే. ఆమె పుట్టింది కారైక్కాల్‌లో, తమిళ క్రైస్తవ కుటుంబంలో. 1970లో పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చేదాకా అన్నం, పులుసు తప్ప మరో భోజనం ఎరగదు. గోడమీది రెండు ఫొటోల్లో చీర కట్టుకుని, జడకొప్పు పెట్టుకుని, సన్నటి కళ్లతో సూటిగా చూస్తున్న స్త్రీ ఆమె అత్తగారు. సైగాన్ మనిషి. పక్క ఫొటోలో ఫ్రెంచి సైనిక దుస్తుల్లో ఉన్నది మామగారు.

ఈ జంట కథ వారిద్దరిదే కాదు. ఫ్రెంచివారు 1859లో సైగాన్‌ను పట్టుకున్నారు. కొత్త వలసను నడపడానికి వారికి గుమాస్తాలు, పోలీసులు, పన్ను వసూలుదారులు, సైనికులు కావలసి వచ్చారు. పాండిచ్చేరి, కారైక్కాల్ నుంచి ఓడలెక్కినవారికి ఆ పనులు దొరికాయి. 1881లో వచ్చిన ఒక ఉత్తర్వు ఈ దారిని మరింత వెడల్పు చేసింది. తమ కులమత ఆచార చట్టాలను వదులుకుని ఫ్రెంచి పౌర చట్టానికి లోబడతామని సంతకం చేసినవారు ఇంటిపేరు పెట్టుకుని ఫ్రెంచివారితో సమాన హక్కులు కోరవచ్చు. అలా సంతకం చేసినవారిలో అణగారిన కులాలవారు, క్రైస్తవులు ఎందరో. సొంత ఊళ్లో అరుగెక్కనివ్వని మనిషికి సైగాన్‌లో టోపీ, జీతం దక్కాయి. అక్కడి వియత్నామీయుల్లో అత్యధికులకు లేని ఓటు హక్కు కూడా దక్కింది. ఒక అన్యాయం నుంచి బయటపడటానికి మరొక అన్యాయంలో ఉద్యోగం చేయాల్సి రావడం వలస పాలన చేసే చిత్రాల్లో ఒకటి.

ఆ ఉద్యోగాలకు వెళ్లినవారిలో కొందరు అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. 1954 మే నెలలో దియన్ బియన్ ఫూలో ఫ్రెంచి సైన్యం ఓడిపోయింది. అదే ఏడాది నవంబర్ 1న పాండిచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాంల పాలన భారత్ చేతికి వచ్చింది. ఒకే సంవత్సరంలో ఆ కుటుంబాలకు ఉద్యోగమిచ్చిన సామ్రాజ్యం అక్కడా కూలింది, ఇక్కడా కూలింది. 1956లో మామగారు భార్యను, పిల్లలను వెంటబెట్టుకుని ఓడలో తిరిగొచ్చారు. అందరూ అలా చేయలేదని పాట్టి చెబుతుంది. ‘‘అక్కడి సంసారాన్ని అక్కడే వదిలేసి ఒంటరిగా వచ్చి, ఇక్కడ మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు మాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు తంబీ. మా మామగారు తీసుకొచ్చారు. ఆయన గురించి అదొక్క మాట చాలు.’’

ఎంఏలో రాజనీతి శాస్త్రం చదివేటప్పుడు 1956 మే 28 నాటి విలీన ఒప్పందాన్ని మేం క్లాసులో క్లాజుల వారీగా చదువుకున్నాం. అది 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. ఈ ప్రాంతాల్లో పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. ఫ్రెంచివారిగా ఉండిపోవాలంటే ఆరు నెలల్లో రాసివ్వాలి. బయట పుట్టి ఇక్కడ ఉంటున్నవారు ఫ్రెంచివారిగానే కొనసాగుతారు. క్లాసులో ఇదంతా ఎంతో క్రమబద్ధంగా కనిపిస్తుంది. ఈ ఇంట్లో మాత్రం అది అన్నం కంచాల మధ్య గీతలు గీసింది. పాండిచ్చేరిలో పుట్టిన మామగారు పింఛను కోసం రాసిచ్చి ఫ్రెంచివారిగా మిగిలారు. సైగాన్‌లో పుట్టిన కొడుకు రాయకుండానే ఫ్రెంచివాడయ్యాడు. పాట్టికి మాత్రం భారత ఓటరు కార్డు ఉంది. ఆడపడుచులిద్దరూ పారిస్‌లో స్థిరపడ్డారు. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరి బిడ్డ, ఎక్కడ కాపురం అన్నదే ఒప్పందం అడిగిన ప్రశ్న. వంటింట్లో ఎవరు ఏం నేర్చుకున్నారన్నది దానికి అవసరం లేదు.

సైగాన్ కోడలికి అత్తవారింట్లో మర్యాద వెంటనే దక్కలేదు. గొడవంతా నుక్‌మామ్ దగ్గర వచ్చింది. నెత్తళ్లను ఉప్పులో ఏడాదిపాటు ఊరబెట్టి తీసే చేపల ద్రవం అది. వియత్నాం వంటకు మనకు చింతపండు ఎంతో అదీ అంతే. సీసా మూత తీస్తే వీధి చివరిదాకా తెలుస్తుంది. ఎండుచేపలు వేయించుకునే ఇల్లే అయినా ఆ వాసన మాత్రం పనికిరాదన్నారు. ఆమె పెరట్లో మూడు ఇటుకలు పేర్చుకుని తన వంట తాను చేసుకునేది. పద్నాలుగేళ్ల తర్వాత కోడలు వచ్చేటప్పటికి కూడా పొయ్యి పెరట్లోనే ఉందట. ‘‘కొత్తగా వచ్చాను. లోపల అందరూ పనులు చెప్పేవాళ్లే. పెరట్లో ఈమె ఒక్కతే ఏమీ అనకుండా పక్కన పీట వేసేది. అక్కడ కూర్చునేదాన్ని. కూర్చుంటే చేతులు ఊరుకోవు కదా’’ అంటుంది పాట్టి. అలా నేర్చుకుంది. కొలతలు లేవు, కాగితం లేదు. అత్తగారికి తమిళం అంతంతమాత్రం. కోడలికి వియత్నామీ అసలే రాదు. పిండి తడిసిందో లేదో వేలితో నొక్కి చూపించేది. ఉప్పు సరిపోయిందో లేదో ముఖం చూస్తే తెలిసేది. 1998లో పెద్దావిడ పోయాక పొయ్యి లోపలికి వచ్చింది.

ఇప్పుడు అదే పీట మీద పాట్టి కోడలు కూర్చుంటుంది. ఆమెది విలియనూర్. వియత్నాం ఎక్కడుందో పటంలో వేలు పెట్టి చూపించలేనని తనే నవ్వుతూ చెబుతుంది. కానీ నెమ్ చుట్టడంలో అత్తగారిని దాటేసింది. కూరేది బిగువుగా ఉండాలి, మరీ బిగిస్తే నూనెలో పగులుతుంది. ఆ మధ్య ఒడుపు ఆమె వేళ్లకు తెలుసు. కూరడానికి చేసిన ముద్దలో కాసిని మిరియాలు ఎక్కువ వేస్తుంది. పాట్టి ప్రతి ఆదివారం అభ్యంతరం చెబుతుంది, ప్రతి ఆదివారం తింటుంది.

సరుకుల కథ మరో చిత్రం. పుదీనా, రొయ్యలు గూబేర్ మార్కెట్లో దొరుకుతాయి. బియ్యం రేకులు, నుక్‌మామ్ మాత్రం చాలాకాలం పారిస్ నుంచి ఆడపడుచుల సూట్‌కేసుల్లో వచ్చేవి. సైగాన్ రుచి పారిస్ మీదుగా ఒర్లియంపేటకు రావడమంటే సామ్రాజ్యం పోయినా దాని రహదారులు మిగిలాయన్నమాట. ఈమధ్య చెన్నైలోని కొరియా సరుకుల దుకాణాలు ఆ కొరత కొంత తీర్చాయి. హ్యుందాయ్ కంపెనీ 1996లో శ్రీపెరుంబుదూర్ సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైకి వచ్చాక కొరియా కుటుంబాలు వచ్చాయి, వాటి వెంట కొరియా దుకాణాలూ వచ్చాయి. అక్కడి గాజు సేమియా చిలగడదుంప పిండితో చేసింది, కాస్త లావు. పెసర పిండి సేమియా సన్నగా ఉండాలంటుంది పాట్టి. దొరకనప్పుడు దాన్నే చిన్న ముక్కలుగా తుంచి సర్దుకుంటుంది.

ఆ మాట వింటే నాకు పెనుకొండ గుర్తుకొచ్చింది. కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పుడు వార్తల కోసం అటు వెళ్లాను. రాయల కాలం కోట కింద కొరియా అక్షరాల బోర్డులు, కిమ్చీ వడ్డించే భోజనశాలలు. క్యాబేజీని ఉప్పు, మిరప్పొడి, వెల్లుల్లి, చేపల ద్రవంతో కలిపి ఊరబెట్టే కిమ్చీని చూసి మా డ్రైవరు ‘‘ఆవకాయకు చుట్టమే సార్’’ అని తేల్చేశాడు. ఊళ్లోవాళ్లంతా కలిసి చలికాలానికి కిమ్చీ పెట్టుకునే ఆచారానికి యునెస్కో 2013లో గుర్తింపునిచ్చింది. కొరియావాళ్లకు ‘సోన్‌మాత్’ అనే మాట ఉంది. చేతి రుచి అని అర్థం. అవే దినుసులు, అదే పొయ్యి, అయినా అమ్మ చేతిలో రుచి వేరు. మనం ఆ చేతి మహిమ అంటాం.

రెండు వంటలూ దూరదేశాలనుంచి వచ్చినవే. కానీ పెనుకొండకు వంట కంపెనీ వెంట వచ్చింది. ఒర్లియంపేటకు పెళ్లి వెంట వచ్చింది. కంపెనీ వెంట వచ్చిన వంటకు జీతమున్నంతకాలం ఢోకా లేదు. పెళ్లి వెంట వచ్చినదానికి నేర్చుకునే చేయి కావాలి. ఆ చేయి రక్తసంబంధంలోనే దొరకాలని లేదు. సైగాన్ స్త్రీ రక్తం పంచుకున్న బిడ్డలు ఫ్రాన్సులో ఉన్నారు. మనవడు వడ్డిస్తాడు తప్ప వండలేడు. వంటను మోసుకొచ్చింది మాత్రం ఆమెకు ఏమీకాని ఇద్దరు తమిళ స్త్రీలు. మన సంస్కృతి, మన వారసత్వం అంటూ గుండెలు బాదుకునేవారు ఆలోచించాల్సిన విషయమిది. చాలా ఇళ్లలో వారసత్వాన్ని నిలబెట్టింది వారసులు కాదు, బయటనుంచి వచ్చిన కోడళ్లు. పుట్టింటి రుచిని గుమ్మం బయటే వదిలి, అత్తింటి రుచిని నాలుగు తరాలకు అందించేది వారే.

పుదుచ్చేరిలో పాత భవనాలను కాపాడటానికి జాబితాలున్నాయి, ఇన్‌టాక్ లాంటి సంస్థలున్నాయి. అది అవసరమే. గోడ కూలితే కనీసం ఫొటో చూసి మళ్లీ కట్టవచ్చు. పిండి ఎంత తడవాలో తెలిసిన వేలు పోతే కట్టడానికేమీ మిగలదు. పాట్టి మనవరాలు ఇంజనీరింగ్ చదువుతోంది. ఆదివారాలు హాస్టల్‌లోనే ఉంటుంది. ఆ పిల్ల నేర్చుకుంటుందా అని అడిగితే పాట్టి కోడలి వైపు చూసింది. కోడలు కొడుకు వైపు చూపించింది. ఎనిమిదో తరగతి చదువుతున్న ఆ పిల్లవాడు గడపలో కూర్చుని రొయ్యల తోక తీస్తున్నాడు. ‘‘వీడికి పెళ్లయ్యేదాకా ఆగాలేమిటి? మగపిల్లాడికి చేతుల్లేవా?’’ అందామె. పాట్టి ఏమీ అనలేదు. కాళ్ల దగ్గరున్న పీటను కాస్త పక్కకు జరిపింది.